కదలని బంటు

పిల్లలూ, ఇలా దగ్గరికి రండి. ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న ఈ పరాయి ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు, మీ బడి పుస్తకాల్లోనూ లేదు. అందుకని నేనే చెబుతున్నాను. మధ్యలో ఒకచోట కొంచెం భయం వేస్తుంది. అప్పుడు నా చెయ్యి పట్టుకోండి. చివరికి అందరూ బాగానే ఉంటారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ మీరు అన్నం మానేసి కూర్చోకుండా.

మన తాతలకు తాతలు కూడా పుట్టకముందు, సింధూరపురమనే రాజ్యంలో శూరకేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు వీరభానుడు, మూడోవాడు సోమదత్తుడు.

ఆ రాజ్యంలో అందరికీ చదరంగం పిచ్చి. వాన పడితే చదరంగం, ఎండ కాస్తే చదరంగం, పెళ్ళివారింట్లో వంట ఆలస్యమైతే చదరంగం. రాజుగారి కొలువులో పాలరాతి మెట్లుండేవి. బాగా ఆడేవాడు పైమెట్టు మీద కూర్చోవాలి. అతన్ని ఎవరైనా గెలిస్తే ఆ గెలిచినవాడు పైకెక్కాలి, ఓడినవాడు కిందికి దిగాలి. అన్నిటికంటే పైమెట్టు మీద రణధీరుడు కూర్చునేవాడు. దాని కింది మెట్టు మీద వీరభానుడు. అట్టడుగున, అందరూ చెప్పులు విడిచేచోట, సోమదత్తుడు.

సోమదత్తుడికి ఆట రాక కాదు. వచ్చు. కానీ ఒక ఎత్తు వెయ్యాలంటే పదిసార్లు ఆలోచించేవాడు. "ఇలా వేస్తే బంటు పోతుందేమో, పాపం" అనుకునేవాడు. "అలా వేస్తే ఏనుగుకు దారి ఉండదేమో" అనుకునేవాడు. అలా అనుకుంటూ, అనుకుంటూ, చివరికి ఎదుటివాడు ఏది కోరుకుంటున్నాడో సరిగ్గా అదే వేసేవాడు.

మీకు పావుల పేర్లు తెలియవు కదూ? చెబుతాను. ఏనుగు నిలువుగానో అడ్డంగానో తిన్నగా పోతుంది. శకటం మూలవాటంగా పోతుంది. గుర్రం రెండున్నర గళ్ళు దూకుతుంది. మంత్రి ఏ వైపైనా పోగలడు. రాజు ఒక్క గడి మాత్రమే కదులుతాడు. ఇక బంటు అందరికంటే ముందు నిలబడి, ఒక్కో అడుగే వేస్తూ, ఒక్కసారి కూడా వెనక్కి రాకుండా పోతాడు. ఇంతే. ఇది తెలిస్తే చాలు.

ఆ రాజ్యంలో ఒక పద్ధతి ఉండేది. ఆట అయిపోయాక, ఓడినవాడు పావులన్నిటినీ, తనవీ ఎదుటివాడివీ, ఒక్కొక్కటే ఉత్తరీయంతో తుడిచి పెట్టెలో సర్దాలి. సర్దేలోపల కోపం చల్లారుతుందని ఎప్పుడో పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి అది. రణధీరుడు ఎప్పుడూ ఓడడు కనుక ఎప్పుడూ సర్దలేదు. వీరభానుడు అన్నగారి చేతిలో మాత్రం ఓడేవాడు. అప్పుడు కూడా, "ఒరేయ్ తమ్ముడూ, ఎలాగూ నీవి సర్దుతున్నావుగా, ఆ చేత్తోనే నావి కూడా సర్దెయ్" అనేవాడు. సోమదత్తుడు సరేననేవాడు. అతనికి ఆ పని ఇష్టం. పావుల్ని తుడుస్తూ, ఎక్కడ పొరపాటు చేశానా అని ఆటంతా మళ్ళీ మనసులో ఆడుకునేవాడు.

ఒకరోజు కొలువుకు ఒక ఓడ వర్తకుడు వచ్చాడు. రాజుకు దండం పెట్టి, "మహారాజా, ఏడు సముద్రాల అవతల ఒక ద్వీపం ఉంది. అక్కడ ధూమకర్ణుడనే మాంత్రికుడున్నాడు. చదరంగంలో అతన్ని గెలిచినవాడు లేడు. ఓడినవాళ్ళని కొయ్యపావులుగా మార్చి ఆ పావులతోనే ఆడుకుంటాడు" అన్నాడు.

రణధీరుడు మీసం దువ్వాడు. "నాన్నగారూ, నేను వెళ్ళి ఆ మాంత్రికుడి ఆట కట్టించి వస్తాను" అన్నాడు. వెళ్ళాడు. తిరిగి రాలేదు.

వీరభానుడు కత్తి నడుముకు కట్టాడు. "నాన్నగారూ, నేను వెళ్ళి అన్నయ్యను తీసుకొస్తాను" అన్నాడు. వెళ్ళాడు. తిరిగి రాలేదు.

రాజుగారు తిండి తగ్గించేశారు. నిద్ర తగ్గించేశారు. పొద్దున లేస్తే మేడ మీద, సాయంకాలమైతే మేడ మీద, సముద్రం వైపు చూస్తూ ఉండిపోయారు. అప్పుడు సోమదత్తుడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"నాన్నగారూ, నేను వెళ్తాను."

"నువ్వా?" అన్నాడు రాజు. "నాయనా, పైమెట్టు వాడు వెళ్ళి రాలేదు. రెండో మెట్టు వాడు వెళ్ళి రాలేదు. నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?"

"ఏం చేస్తానో తెలియదు. కానీ ఇక్కడ ఉంటే ఏమీ చెయ్యనని మాత్రం తెలుసు."

 రాజు కొడుకు తల మీద చెయ్యి వేసి, "దారిలో వేళకు తిను" అన్నాడు. తండ్రి అంతకంటే ఏం చెప్పగలడు!

సోమదత్తుడు ఒడ్డుకు వెళ్ళేసరికి అక్కడొక ముసలి సముద్రపు తాబేలు ఎండ కాచుకుంటోంది. దాని వీపు మీద ఒక చిన్న ఇల్లు కట్టుకోవచ్చు, అంత పెద్దది.

"ఏడు సముద్రాలు దాటాలా? ఎక్కు" అంది తాబేలు. "ఇది నాకు మూడోసారి. మొదట పెద్దమీసాలాయన ఎక్కాడు. 'త్వరగా, త్వరగా' అని దారి పొడుగునా నా వీపు మీద కాలితో తట్టాడు. తర్వాత కత్తాయన ఎక్కాడు. 'ఇంకా ఎంత దూరం, ఇంకా ఎంత దూరం' అని చంపుకు తిన్నాడు. నువ్వేం చేస్తావు?"

"తాతా, మీకు నెప్పి పుడితే చెప్పండి. కాసేపు దిగి పక్కన ఈదుతాను" అన్నాడు సోమదత్తుడు.

తాబేలు నవ్వింది. తాబేళ్ళు నవ్వితే నీళ్ళలో బుడగలొస్తాయి. ఆ బుడగలు ఏడు సముద్రాల పొడుగునా వస్తూనే ఉన్నాయి. ఉప్పు సముద్రం దాటారు, చెరకురసం సముద్రం దాటారు, కల్లు సముద్రం ముక్కు మూసుకుని దాటారు. నెయ్యి సముద్రం దాటారు, పెరుగు సముద్రం దాటారు, పాల సముద్రం దాటారు. చివరికి మంచినీళ్ళ సముద్రం దాటారు. ద్వీపం దగ్గర తాబేలు అతన్ని దింపి, "నీకోసం ఇక్కడే ఉంటాను. తొందరేం లేదు. మాకు తొందర రాదు" అంది.

ద్వీపం మధ్యలో నల్లరాతి కోట. కోట గుమ్మంలో బంగారు పంజరం. పంజరంలో ఒక పచ్చని చిలుక. సోమదత్తుడు లోపలికి అడుగుపెట్టాడో లేదో, ఆ చిలుక పెద్దగా కేకలు పెట్టింది.

"అబ్బాయ్! అబ్బాయ్! ముందే చెబుతున్నాను, మాంత్రికుడి ప్రాణం నాలో లేదు! నా మెడ జోలికి రావద్దు!"

సోమదత్తుడు ఉలిక్కిపడ్డాడు. "నేనేమీ అనలేదు కదా!"

"నువ్వు అనలేదు. కానీ వచ్చిన ప్రతివాడూ అదే అనుకుంటాడు. మాంత్రికుడు, పంజరం, చిలుక! ఇంకేం, ప్రాణం ఇందులోనే ఉందని మెడ పట్టుకుంటారు. ఇంతకుముందు వచ్చిన కత్తాయనైతే పంజరం తలుపు కూడా విరగ్గొట్టాడు. వాళ్ళు అలా అనుకోవాలనే ఆ ముసలివాడు నన్ను గుమ్మంలో పెట్టాడు. వాడి ప్రాణం ఇంకెక్కడో దాచుకున్నాడు."

"ఎక్కడ?"

"తెలిస్తే నేనిక్కడ జామకాయ కూడా లేకుండా ఎందుకు కూర్చుంటాను?"

సోమదత్తుడి మూటలో జామకాయ ఉంది. తీసి చిలుకకిచ్చాడు. అప్పట్నించి ఆ చిలుక అతని భుజం దిగలేదు.

లోపల ఒక పెద్ద చావడి. చావడి మధ్య రాతి బల్ల మీద చదరంగం పరిచి ఉంది. బల్లకు అవతల ధూమకర్ణుడు కూర్చుని ఉన్నాడు. తెల్లని గడ్డం, పెద్ద చెవులు, చెవుల్లోంచి సన్నగా పొగ. పక్కనే ఒక అమ్మాయి పాలగిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పేరు కేతకి. ఆ ద్వీపానికి ఒకప్పుడు రాజైన సముద్రపాలుడి కూతురు. తండ్రి మాంత్రికుడి చేతిలో ఓడిపోయి శకటమైపోతే, ఆయన్ని ఒక్కణ్ణీ వదిలి వెళ్ళలేక ఆ కోటలోనే ఉండిపోయింది.

"ఇంకొకడా! అచ్చం అన్నల పోలికే!" అన్నాడు ధూమకర్ణుడు. "మీ రాజ్యంలో నీది ఎన్నో మెట్టు, కుర్రవాడా?"

"అడుగు మెట్టండి."

ధూమకర్ణుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. పొగ గుప్పున వచ్చింది. "పైమెట్టు నుంచి దిగి దిగి, మీ రాజ్యానికి చివరికి ఇదా మిగిలింది! సరే, నా నియమం విను. మూడు ఆటలు. రోజుకొకటి. ఒక్కటి గెలిచినా చాలు, నీ అన్నల్ని వదిలేస్తాను, మిగతావాళ్ళనీ వదిలేస్తాను. మూడూ ఓడితే నువ్వూ ఈ పెట్టెలోకే. తెల్ల పావులు నీవి. బాగా చూసుకో, తెలిసినవాళ్ళే!"

సోమదత్తుడు వంగి చూశాడు. తెల్ల ఏనుగు మీద కూర్చున్న బొమ్మకు పెద్దమీసాలున్నాయి. తెల్ల గుర్రం మీది బొమ్మ నడుముకు కత్తి ఉంది. వేలెడంత అన్నలు! అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కళ్ళు తుడుచుకుని మొదటి ఎత్తు వేశాడు.

భయపడకండి. ఆటలో పావును కొట్టినా దానికి నెప్పి ఉండదు. కొయ్యకు నెప్పేమిటి!

మొదటి ఆట మధ్యాహ్నానికల్లా అయిపోయింది. సోమదత్తుడు ఓడిపోయాడు. ధూమకర్ణుడు ఆవులించాడు. సోమదత్తుడు మాత్రం, ఏ ఆలోచనా లేకుండా, చిన్నప్పట్నుంచీ అలవాటైన చేతులతో ఉత్తరీయం తీసి పావుల్ని తుడవడం మొదలుపెట్టాడు. తెల్లవి సర్దాడు. నల్లవి అందుకున్నాడు. నల్ల ఏనుగు ముందు, ఆట మొత్తంలో ఒక్క అడుగు కూడా కదలని ఒక బంటు ఉంది. దాని మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు!"

ధూమకర్ణుడు అరిచిన అరుపుకు కేతకి చేతిలో పాలగిన్నె కింద పడింది. మాంత్రికుడు ఆ బంటును చటుక్కున లాక్కుని గుప్పిట్లో పెట్టుకున్నాడు. 

"సర్దమని నిన్నెవరడిగారు? ఓడినవాళ్ళు లేచి వెళ్తారు. మీ అన్నలూ అలాగే లేచి వెళ్ళారు. పావులు నేనే సర్దుకుంటాను. ఫో!"

సోమదత్తుడు లేచి బయటికి వెళ్ళాడు. సముద్రం ఒడ్డున కూర్చుని ఆటంతా మొదటినుంచి మళ్ళీ మనసులో ఆడుకున్నాడు. ఈసారి తన పొరపాట్లు వెతుక్కోలేదు. ఆ ఒక్క బంటునే చూశాడు. దాన్ని కదపడానికి మంచి అవకాశాలొచ్చినా మాంత్రికుడు కదపలేదు. దాని చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉన్నారు.

రెండో రోజు ఆటలో సోమదత్తుడు తన గుర్రాన్ని ఆ బంటు వైపు దూకించాడు. అంతే, ధూమకర్ణుడి మొహం పాలిపోయింది. బంటును కాపాడడానికి తన ఏనుగును పోగొట్టుకున్నాడు. బంటు కోసం ఏనుగును పోగొట్టుకునేవాడు ఎక్కడైనా ఉంటాడా! సోమదత్తుడికి ఆనందం ఆగలేదు. దొరికింది, వీడి ప్రాణం ఎక్కడుందో దొరికింది అని లోపల గంతులేస్తూ, తన రాజును చూసుకోవడం మరిచిపోయాడు. ఆట పోయింది.

"నీకు బుద్ధుందా?" అంది చిలుక, ఒడ్డుకు వస్తూనే. "ఎదుటివాడి బంటును చూసుకుంటూ సొంత రాజును గాలికొదిలేస్తావా? నేను నీ భుజం మీద కూర్చున్నానని నలుగురికీ ఎలా చెప్పుకోను?"

"ఊరుకో. రేపు ఆ బంటును కొడతాను. మాంత్రికుడు చస్తాడు. అంతటితో అయిపోతుంది" అన్నాడు సోమదత్తుడు.

వెనకనుంచి, "అలా చెయ్యకండి!" అని ఎవరో అన్నారు. చూస్తే కేతకి. పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"మా నాన్నగారు ఓడిపోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. ధూమకర్ణుడు మంత్రం వేస్తూ ఏమన్నాడో నా చెవులతో విన్నాను. 'నా నోటితో నేను ఓడాను అన్ననాడే మీకు విడుదల. నేను చచ్చినా మీరు కొయ్యలే' అన్నాడు. అతను చస్తే మా నాన్నగారు ఎప్పటికీ కొయ్యగానే ఉండిపోతారు. మీ అన్నలూ అంతే."

సోమదత్తుడి మొహంలో సంతోషం ఆరిపోయింది. "అంటే అతని ప్రాణం నా చేతికి అందినా తియ్యకూడదు. ఆట గెలవాలి. నాకేమో గెలవడం అలవాటు లేదు" అన్నాడు.

"నేనేమీ సలహా చెప్పలేను. నాకు ఆట రాదు" అంది కేతకి. "కానీ ఒక్కటి చెబుతాను. ఇంతవరకూ వచ్చినవాళ్ళందరూ అతన్ని చూసి భయపడ్డారు. ఇవాళ మొదటిసారి అతను ఒకరిని చూసి భయపడ్డాడు. పాలు కూడా తాగలేదు."

"అదే నిజమైతే" అంది చిలుక, "రేపు నేనూ చూడాలి. కానీ కళ్ళు మూసుకుని చూస్తాను."

ఇప్పుడే, పిల్లలూ, కొంచెం భయం వేసేచోటు. చెయ్యి పట్టుకోండి.

మూడో రోజు ధూమకర్ణుడు పగబట్టినట్టు ఆడాడు. సోమదత్తుడి శకటాలు రెండూ పోయాయి, ఒక ఏనుగు, ఒక గుర్రం పోయాయి. బంట్లు ఒక్కొక్కటే పోయాయి. మంత్రి కూడా పోయాడు. చివరికి అతనికి మిగిలింది రాజు, నాలుగు బంట్లు, మీసాల ఏనుగు, కత్తి గుర్రం. ధూమకర్ణుడి దగ్గర మంత్రి ఉన్నాడు, శకటాలున్నాయి, దాదాపు బంట్లన్నీ ఉన్నాయి. చూసే ఎవరైనా ఆట అయిపోయిందనే అంటారు.

సోమదత్తుడు మాత్రం ఒక్కటే పని చేస్తూ వచ్చాడు. మెల్లగా, గంతు తర్వాత గంతుగా, వీరభానుడి గుర్రాన్ని ఆ కదలని బంటును కొట్టగలిగే గడిలోకి తెచ్చాడు. ధూమకర్ణుడు వెంటనే తన మంత్రిని బంటుకు కాపలా పెట్టాడు. గుర్రం బంటును కొడితే మంత్రి గుర్రాన్ని కొడతాడన్నమాట. మామూలు ఆటగాణ్ణి ఆపడానికి ఆ బెదిరింపు చాలు. కానీ, అన్నాడు సోమదత్తుడు తనలో తాను, బంటు పోయాక ఆ మంత్రిని కదిపే చెయ్యి ఎవరిది?

అతను చాలాసేపు ఆలోచించాడు. ఎండ ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి వెళ్ళింది. తర్వాత రణధీరుడి ఏనుగును పట్టుకుని, తిన్నగా, ఖాళీ వరుసలో చివరిదాకా నడిపి, నల్ల రాజు ఉన్న వరుసలో నిలబెట్టాడు.

"రాజును చూసుకోండి" అన్నాడు.

నల్ల రాజుకు కదలడానికి గడి లేదు. ముందు తన బంట్లే అడ్డం. కాపాడగలిగినవాడు ఒక్కడే, మంత్రి. మంత్రి పక్క గడిలోకి అడుగేసి ఆ ఏనుగును కొట్టేస్తే సరి.

ధూమకర్ణుడు పకపకా నవ్వాడు. "అడుగు మెట్టువాడా! ఉన్న ఒక్క ఏనుగునూ ఊరికే ఇచ్చేశావు కదరా! సింధూరపురంలో పసిపిల్లలు కూడా వెయ్యని ఎత్తు ఇది!"

నిజమే. రణధీరుడైతే ఆ ఎత్తు చచ్చినా వెయ్యడు. వీరభానుడూ వెయ్యడు. బల్ల మీద చూస్తే అది అంత చెత్త ఎత్తు.

ధూమకర్ణుడు మంత్రిని పట్టుకున్నాడు. గడి మీంచి ఎత్తబోయాడు. అప్పుడు అతని చెయ్యి ఆగిపోయింది.

మంత్రి కదిలితే బంటుకు కాపలా ఉండదు.

నవ్వు ఆగిపోయింది. పొగ కూడా ఆగిపోయింది. 

"నీకు తెలుసు" అన్నాడు ధూమకర్ణుడు నెమ్మదిగా.

"తెలుసండి."

"అయితే ఇదీ తెలుసుకో. నీ గుర్రం నా బంటును కొడితే నీ అన్నలు ఎప్పటికీ కొయ్యలే."

"అదీ తెలుసండి."

"తెలిసీ కొడతావా? నీకంత ధైర్యముందా?"

సోమదత్తుడు గుర్రం మీది అన్నగారి బొమ్మను చూశాడు. చెమట పట్టిన అరచేతుల్ని ఉత్తరీయానికి తుడుచుకున్నాడు.

"అయ్యా, నేను అబద్ధం చెప్పను. కొట్టకపోతే నేనూ పెట్టెలోకి వెళ్తాను, నా తర్వాత ఇంకొకరు వస్తారు, ఆ తర్వాత ఇంకొకరు. కొడితే మా అన్నలు తిరిగి రారు. నా గుర్రం ఏం చేస్తుందో నాకే ఇంకా తెలియదు. మీరు మంత్రిని కదిపితే, అప్పుడు ఇద్దరం చూద్దాం."

కొడతానని చెప్పి ఉంటే మాంత్రికుడు నమ్మేవాడు కాదేమో. కొట్టనని చెప్పి ఉంటే నవ్వేవాడు. తెలియదన్న ఆ మాట దగ్గర అతను చిక్కుకుపోయాడు. మంత్రి మీది చెయ్యి తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. రాజును చూశాడు, బంటును చూశాడు. ఎన్నో ఏళ్ళుగా ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకుండా దాచుకున్న ప్రాణం అది. ఎండ తగ్గుతూ వచ్చింది. చిలుక ఒక కన్ను తెరిచింది.

చివరికి ధూమకర్ణుడు ఆ బంటును తీసి గుండెకు హత్తుకుని, పసిపిల్లవాడిలా, "ఓడాను" అన్నాడు.

ఆ మాట అనగానే చావడి నిండా మనుషులు! కొట్టేసి పక్కన పడేసిన బంట్లు లేచి ఒళ్ళు విరుచుకున్నారు. శకటం ఉన్నచోట సముద్రపాలుడు నిలబడి ఉన్నాడు. కేతకి పరుగెత్తుకెళ్ళి తండ్రిని పట్టుకుంది. రాతి బల్ల మీద రణధీరుడు, వీరభానుడు ఇరుక్కుని నిలబడి ఉన్నారు.

"ఒరేయ్ తమ్ముడూ!" అన్నాడు రణధీరుడు దిగుతూనే. "నన్ను ఆ మంత్రి ముందు అలా నిలబెడతావా? అదేం ఎత్తురా! నాకు కొయ్యలో కూడా చెమట పట్టింది!"

"చెత్త ఎత్తే అన్నయ్యా" అన్నాడు సోమదత్తుడు. అని, ఇద్దరి మధ్యా మొహం దాచుకుని ఏడ్చేశాడు. వాళ్ళూ ఏడ్చారు. పైమెట్లవాళ్ళు ఏడవరని అప్పటిదాకా అతను అనుకునేవాడు.

అన్నట్టు, ఇంతకాలం పావులుగా ఉన్నారు కదా, ఆ అలవాటు వెంటనే పోలేదు. రణధీరుడు కొన్నాళ్ళు తిన్నగా తప్ప నడవలేకపోయేవాడు, మలుపు దగ్గర ఆగి ఒళ్ళంతా తిప్పుకునేవాడు. సముద్రపాలుడు భోజనానికి మూలవాటంగా వచ్చేవాడు. వీరభానుడైతే రెండడుగులు ముందుకేసి పక్కకు దూకేవాడు, ఎన్ని పూలకుండీలు పగిలాయో లెక్క లేదు. కేతకికి నవ్వి నవ్వి పొట్ట నొప్పి వచ్చింది.

మరి ధూమకర్ణుడు ఏమయ్యాడు? మీరు అడుగుతారని తెలుసు. వీరభానుడు కత్తి తీసి ఆ బంటును ముక్కలు చేస్తానన్నాడు. సోమదత్తుడు వద్దన్నాడు. "అది ఆయన ప్రాణం, అన్నయ్యా. ఆయన దగ్గరే ఉండనీ. ఓడానని చెప్పాడుగా" అన్నాడు. మంత్రాలన్నీ ఆ మాటతోనే పోయాయి. ధూమకర్ణుడు బంటును దారం కట్టి మెడలో వేసుకున్నాడు. ఆ స్థానంలో ఒక చింతగింజ పెట్టుకుని చదరంగం ఆడడం మొదలుపెట్టాడు. చింతగింజ పోతే పోతుందని ధైర్యంగా దాన్ని ముందుకు నడిపేవాడు. ద్వీపంలో పిల్లలతో ఆడి చాలాసార్లు ఓడాడు. అతను అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశామని అందరూ అన్నారు.

ఒకరోజు సాయంకాలం ఒడ్డున కేతకి సోమదత్తుణ్ణి అడిగింది. "ఆ రోజు ధూమకర్ణుడు మంత్రిని కదిపి ఉంటే నిజంగా ఏం చేసేవారు?"

"ఇప్పటికీ తెలియదు. రోజూ ఆలోచిస్తూనే ఉన్నాను" అన్నాడతను.

"అయితే ఆలోచించడం ఇక ఆపండి. మా నాన్నగారు పెళ్ళి మాట అడగమన్నారు. దానికైనా తొందరగా జవాబు చెబుతారా, లేక ఎండ ఆ గోడ మీదికి వెళ్ళేదాకా కూర్చుంటారా?"

సోమదత్తుడు జీవితంలో మొదటిసారి ఆలోచించకుండా ఎత్తు వేశాడు. సరేనన్నాడు.

తాబేలు మీద శూరకేతుడు వచ్చాడు. వస్తూనే ముగ్గురు కొడుకుల్నీ ఒకేసారి పట్టుకుని, ముందు పెళ్ళికొడుకు చెవిలో, "దారిలో వేళకు తిన్నావా?" అని అడిగాడు. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. వంట ఆలస్యమైంది, చదరంగం ఆడారు. చిలుక మంత్రాలు చదివింది, పురోహితుడికి కోపం వచ్చింది. రణధీరుడు సింధూరపురానికి వెళ్ళి తండ్రి తర్వాత రాజయ్యాడు, వీరభానుడు సేనాపతి అయ్యాడు. సముద్రపాలుడికి కొడుకులు లేరు కనుక ద్వీపాన్ని సోమదత్తుడూ కేతకీ ఏలారు. చిన్న పనికైనా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే చేసేవారు. అందుకని ఆ రాజ్యంలో పనులు కొంచెం ఆలస్యంగా జరిగేవి, కానీ జరిగినవి మళ్ళీ సరిచెయ్యవలసి వచ్చేది కాదు. వాళ్ళకు పిల్లలు పుట్టారు, ఆ పిల్లలకు పిల్లలు పుట్టారు. వాళ్ళు ఏలినన్నాళ్ళూ ఆ ద్వీపంలో ఎవరూ ఆకలితో పడుకోలేదు.

ఇదీ కథ, పిల్లలూ. ఇప్పుడు ఇది మీది. మీరు పెద్దయ్యేదాకా దాచిపెట్టవద్దు. రేపే బడిలో మీ పక్కన కూర్చునేవాళ్ళకు చెప్పండి, వాళ్ళకు అర్థమయ్యే భాషలోనే చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పనక్కర్లేదు. సముద్రాల పేర్లు మరిచిపోతే మీకు తోచినవి పెట్టుకోండి, చిలుక చేత ఇంకా ఎక్కువ మాట్లాడించండి. కానీ ఎప్పుడో ఒకప్పుడు, ఒక్క చిన్నపిల్లకైనా, ఒళ్ళో కూర్చోబెట్టుకుని మన మాటల్లో చెప్పండి. భయం వేసేచోటు వచ్చినప్పుడు ముందుగా చెప్పి, చెయ్యి అందించడం మరిచిపోకండి.